దండలోంచి తీసిన 1911 రూపాయి: రాజు మొహం ఒక్కటే కాదు, అంచు కూడా చూడండి

ప్రశ్న హన్మకొండ నుంచి వచ్చింది: "మా అవ్వ దండలోంచి తీసిన 1911 రూపాయి ఉన్నది. కొనేటాయన చూసి 'ఇది డ్యామేజ్, పైగా సాల్ మార్చిండ్రు' అంటున్నడు. నిజమేనా, ఎట్ల తెలుసుకోవాలె?"

ఆయన రెండు నిందలు కలిపి వేశాడు, వాటిని విడదీయాలి. డ్యామేజ్ అంటే దండకు గుచ్చడానికి కొక్కెం అతికించి పీకినదే, ఆ సంగతి అంచు చెబుతుంది. సాల్ (సంవత్సరం) సంగతి రాజుగారి ఛాతీ మీది ఏనుగు చెబుతుంది.

ఏనుగు పని చిన్నది, ముందు అది తేల్చుకోండి. అయిదో జార్జి వేసుకున్న గొలుసులో ఒక చిన్న ఏనుగు ఉంటుంది. 1911లో దాని తొండం మరీ పొట్టిగా పడి, చూసేవాళ్లకు పందిలా కనిపించింది. గొడవ లేచి నాణేలు వెనక్కి తీసుకున్నారు, చాలావరకు కరిగించారు. 1912 నుంచి తొండం సాపుగా దించి ముద్రించారు. 1911 బిళ్ళకు గిరాకీ అందుకే, వేరే సంవత్సరం బిళ్ళ మీద చివరి అంకెను గీకి 'ఒకటి' చేయడమూ అందుకే. అంకె గీకేవాడు ఏనుగు జోలికి పోడు. వెనక వైపు 1911 అని ఉండి, ముందు వైపు తొండం పొడుగ్గా దిగితే అది మార్చిన నాణెమే. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం చాలు. దాంతోనే చివరి అంకె చుట్టూ కూడా చూడండి. గీకిన చోట నేల కొంచెం పల్లంగా, సన్న గీతలతో ఉంటుంది. పక్క అంకెల చుట్టూ అట్లా ఉండదు.

ఇక అంచు. దండకు గుచ్చడానికి అవుసులాయన (కంసాలి) బిళ్ళ పైభాగాన టంకంతో కొక్కెం అతికిస్తాడు. తండాల్లో లంబాడీ నగలకు అతికే పావలాలు, అర్ధరూపాయలదీ ఇదే కథ. తర్వాత అమ్మేవాడు కొక్కెం పెరికి, మిగిలిన టంకాన్ని ఆకురాయితో రాస్తాడు. దాంతో అంచు మీది నిలువు గీతలు మూడు నాలుగు మిల్లీమీటర్ల మేర మాయమవుతాయి. తెలివైనవాడు సన్న ఆకురాయితో గీతలు మళ్లీ కోస్తాడు. కానీ టంకశాల యంత్రం వేసిన గీతల మధ్య దూరం ఒకటే, చేత్తో కోసినవి ఒకటి ఇరుకు, ఒకటి వెడల్పు, ఒకటి వాలు. బల్బు కింద బిళ్ళను అంచు మీద నిలబెట్టి మెల్లగా తిప్పండి. మెరుపు గీత గీతకూ వరసగా తుళ్ళుతూ పోతుంది, కోసిన చోట తడబడుతుంది. ఆ చోటుకు ఆనుకుని ఉన్న చుట్టు చుక్కలు కూడా చూడండి, వేడికి అక్కడివి కరిగి కలిసిపోయి ఉంటాయి. టంకం మిగిలితే ఆ భాగం పసుపు చాయగా ఉంటుంది.

తూకం తర్వాత. రూపాయెత్తు అంటే తులం, 11.66 గ్రాములు. అరిగితే 11.5 దాకా దిగడం మామూలే. బాగా అరిగిన బిళ్ళ 11.8 తూగిందంటే సంతోషించకండి, అది టంకం బరువు.

ఇక్కడ మన దిక్కు జరిగే తప్పొకటి చెప్పాలి. చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం రూపాయిని కాంటా మీద పెట్టి, 11.66 రాలేదని నకిలీ అనేస్తారు. ఆ రూపాయి, అంటే హాలీ సిక్కా, అసలు బరువే 11.18 గ్రాములు, వెండి కూడా 81.8 శాతమే. బ్రిటిష్ రూపాయిలో 91.7. అది వేరే సర్కారు నాణెం, వేరే లెక్క.

లోహం అనుమానమైతే అయస్కాంతాన్ని నమ్ముకోకండి, వెండి లేని జర్మన్ సిల్వర్ (రాగి, నికెల్, జింక్ కలిపిన లోహం) కూడా దానికి అంటదు. 0.01 గ్రాము చూపే కాంటా మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. బిళ్ళను సన్న దారానికి కట్టి, అడుగుకు గానీ పక్కలకు గానీ తగలకుండా నీళ్లలో పూర్తిగా ముంచి పట్టుకోండి. మీ 1911 బిళ్ళ అసలు బరువు తూగేదైతే కాంటా 1.13 గ్రాముల దగ్గర చూపాలి, బాగా అరిగినదైతే ఇంకొంచెం తక్కువ. 1940 నుంచి 1945 దాకా వచ్చిన రూపాయల్లో వెండి సగమే కాబట్టి అవి 1.22 దగ్గరికి పోతాయి. జర్మన్ సిల్వర్‌దైతే 1.3 దాటుతుంది. బిళ్ళకు గాలి బుడగలు అంటుకుంటే అంకె పెరిగి, మంచి వెండే కల్తీలా కనబడుతుంది. ముందు బిళ్ళను తడిపి ముంచండి.

బొక్క పూడ్చిన బిళ్ళకు చెవి చాలు. వేలి కొస మీద నిలిపి ఇంకో నాణెంతో తట్టండి. గణగణ సాగితే సరే, టక్కుమని ఆగితే పూడికో పగులో ఉన్నట్టు.

అన్నిటికన్నా ఎక్కువ నాశనం చేసేది మాత్రం దొంగలు కాదు, దీపావళి పూజకు చింతపండు పెట్టి తోమే మన ఇళ్లే. తోమిన బిళ్ళ తళతళ అంతటా ఒకటే తీరుగా ఉంటుంది. తోమనిదాని మెరుపు బిళ్ళను వాల్చినప్పుడు చక్రం ఆకుల్లా తిరుగుతుంది. తోమింది దాచడానికి ఉడికిన గుడ్డు సొనతో కలిపి డబ్బాలో పెట్టి నల్లబరుస్తారు కూడా. సహజమైన నలుపు అక్షరాల సందుల్లో చిక్కగా, ఎత్తుల మీద పలచగా ఉంటుంది. గుడ్డు నలుపు అంతటా ఒకటే.

వైష్ణోదేవి అయిదు రూపాయల బిళ్ళకు లక్షలిస్తామనే వీడియోల గురించి అడగకండి. ముందు కమీషన్ కట్టమనేవాళ్ల గురించి రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది.

మీ బిళ్ళకు ఏనుగు పొట్టి తొండంతో ఉండి, అంచులో ముక్క పోయి ఉంటే ఆ కొనేటాయన మాటల్లో ఒకటి నిజం, ఒకటి అబద్ధం. ధర తగ్గుతుంది, నాణెం మాత్రం అసలుదే. దండలో ఇంకా కొక్కేలతో ఉన్న బిళ్ళలుంటే తీయించకండి. తీసేటప్పుడు అంచు ఇంకా పోతుంది, దండ కూడా తెగిపోతుంది.