తొమ్మిదేళ్ల కుక్కకు స్పేయింగ్: వయసు కంటే ముందు ప్లేట్‌లెట్లు చూడండి

తొమ్మిదేళ్ల మీ ఆడ లాబ్రడార్‌కు స్పేయింగ్, అంటే గర్భసంచి, అండాశయాలు తీసేసే ఆపరేషన్, చేయించాలా వద్దా అని అడిగారు. వయసు చూసి డాక్టర్లు తలో మాట చెబుతున్నారు గానీ, అసలు చిక్కు వయసు కాదు, రెండేళ్ల క్రితం దానికి వచ్చిన టిక్ ఫీవర్ (పిడుదుల వల్ల వచ్చే జ్వరం). ఈ జ్వరం తెచ్చే ఎర్లిషియా అనే బాక్టీరియా, మందులతో తగ్గినట్టు కనిపించినా కొన్ని కుక్కల్లో ఒంట్లోనే దాగి ఉండి ప్లేట్‌లెట్లను (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలను) తగ్గిస్తుంది. అలాంటప్పుడు కోస్తే రక్తం తొందరగా ఆగదు.

1. ముందు సీబీసీ, అంటే రక్తకణాలను లెక్కపెట్టే పరీక్ష. పాత రిపోర్టు పనికిరాదు, ఆపరేషన్‌కు కొద్ది రోజుల ముందు చేయించిందే కావాలి. చాలామంది వదిలేసేది ఒకటుంది: మెషీన్ అంకెతో ఆగిపోతారు. ప్లేట్‌లెట్లు గుంపు కడితే మెషీన్ తక్కువ చూపిస్తుంది. అందుకే రక్తపు చుక్కను స్లైడ్ మీద పరిచి (స్మియర్) మైక్రోస్కోప్‌లో కూడా చూడమని గట్టిగా అడగండి.

2. కిడ్నీల పనితీరు తెలియడానికి రక్తంలో క్రియాటినిన్, యూరిన్‌లో ప్రోటీన్ పరీక్షలు. గుండె శబ్దంలో తేడా ఉంటే ఎకో (గుండె స్కాన్).

3. హీట్ (ఎద) అయ్యాక ఆపరేషన్‌కు రెండు మూడు నెలలు ఆగండి.

ఇవన్నీ బాగుంటే నేనైతే చేయించమనే అంటాను. గర్భసంచికి చీము పట్టి నీరసించాక హడావిడిగా చేసే ఆపరేషన్ ఇంకా ప్రమాదం.

బాగోకపోతే వాయిదా వేయండి. ప్రతి హీట్ తర్వాత రెండు నెలలు కనిపెట్టి ఉండండి. నీళ్లు ఎక్కువ తాగినా, తిండి మానేసినా, వాంతులైనా అదే రోజు స్కాన్ చేయించండి. బయటికి స్రావం రాకపోయినా లోపల చీము ఉండొచ్చు.