మేవరిక్ అంటే పొగడ్తా, తిట్టా?

కావలి తమ్ముడు ఒకతను అడిగాడు, అప్రైజల్‌లో మేనేజర్ తన గురించి మేవరిక్ అని రాశాడంట, సంతోషపడాలా భయపడాలా అని.

మేవరిక్ అంటే పదిమందీ పోయే దారిలో పోకుండా సొంత బుర్రతో నడిచే మనిషి తమ్ముడూ. మొండోడు వేరు, మొండోడికి కారణం కూడా అక్కర్లేదు, వీడికి మాత్రం తనదంటూ ఒక లెక్క ఉంటది. రెబెల్ కూడా కాదు, రెబెల్ ఎదురు తిరుగుతాడు, వీడు గొడవేం పెట్టుకోడు, తన పద్ధతిలో తను చేసుకుపోతాడు అంతే.

అసలు ఇది ఒకాయన ఇంటిపేరు. 1836లో టెక్సాస్ స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టినోళ్లలో శామ్యూల్ మేవరిక్ అని ఒక లాయరు ఉండాడు, ఆయనకి బాకీ కింద ఆవుల మంద ఒకటి వచ్చింది, అక్కడ ఎవరి పశువులకి వాళ్లు కాల్చి ముద్ర వేసుకుంటారు కదా, ఈయన ఆ పని పట్టించుకోలా, దాంతో ముద్ర లేకుండా తిరిగే ఆవు ఏది కనపడినా మేవరిక్ అనడం మొదలుపెట్టారు. తర్వాత అది మనుషులకి అంటుకుంది. 2008లో అమెరికా ప్రెసిడెంట్‌గా పోటీ చేసిన జాన్ మెకెయిన్‌ని కూడా ఇట్లే అనేవాళ్లు, సొంత పార్టీ మాట కూడా అన్నిసార్లూ వినడని.

మామూలుగా ఇది మెచ్చుకోలే. కానీ అప్రైజల్ కాబట్టి పక్క లైన్ చూడు, టీమ్‌తో కలవడు లాంటిది ఉంటే మాత్రం చురకే అబ్బా, అప్పుడు మేనేజర్‌నే అడుగు.