ఐసీయూలో చేరబోతున్న బుజ్జమ్మకు

కావలి

బుజ్జమ్మా,

నెల్లూరులో ఐసీయూకే కావాలని అడిగి వేయించుకున్నావంట. మీ అమ్మ నిన్న ఫోన్లో ఏడ్చింది, "ఓపీలో సూదులేసుకుంటా కూర్చోక దీనికి ఈ గొంతులో గొట్టాల గోలెందుకక్కా" అని. నేను దాన్ని కసిరాను. ఫోన్ పెట్టేశాక నాకూ నిద్ర పట్టలా. మన ఇంట్లో నా తర్వాత నువ్వే నర్సువి, సంతోషం లేకుండా ఎట్టుంటది? భయం అంతకంటే జాస్తిగా ఉంది, అందుకే ఈ ఉత్తరం.

హైవే మీద తలకు దెబ్బ తగిలినోళ్లు, పురుగుల మందు తాగి వెంటిలేటర్ వదల్లేనోళ్లు, నీ దగ్గరికొచ్చే ట్రాకీ కేసుల్లో, అంటే ఊపిరాడ్డానికి గొంతుకు బొక్క పెట్టి గొట్టం వేసినోళ్లలో, ఇట్టాంటోళ్లే ఎక్కువ. చేతులు కడుక్కోవడం, మంచం తల 30 నుంచి 45 డిగ్రీలు లేపి ఉంచడం కాలేజీలో నేర్పే ఉంటారు. మంచం పక్కన అదే సైజు ట్యూబు ఒకటి, చిన్న సైజుది ఒకటి, బొక్క మూసుకుపోకుండా తెరిచిపట్టే డైలేటరు, చేత్తో నొక్కి గాలిచ్చే అంబు బ్యాగు, సిరంజి ఉన్నాయో లేదో డ్యూటీ ఎక్కంగానే నీ కళ్లతో చూసుకో. పోయిన షిఫ్టు అమ్మాయి "అన్నీ ఉండాయక్కా" అంటే నమ్మబాకు.

కఫం లాగే సన్న గొట్టం, అదే సక్షన్ క్యాథెటర్, దాని మందం ట్యూబు లోపలి బొక్కలో సగానికి మించకూడదు. 8 నంబరు ట్యూబుకి 12 నంబరు క్యాథెటర్ సరిపోద్ది. ముందు ఆక్సిజన్ నూటికి నూరు పెట్టు. లోపలికి దించేటప్పుడు సక్షన్ వద్దు, బయటికి లాగేటప్పుడే. సక్షన్ ప్రెషరు 80 నుంచి 120 మిల్లీమీటర్ల పాదరసం, మొత్తం పని 10, 15 సెకన్లలో అయిపోవాల. సెలైన్ పోసి లాగడం మా రోజుల్లో ఆనవాయితీ. ఇప్పుడు ప్రతిసారీ పొయ్యొద్దంటున్నారు, వాళ్ల మాటే విను. ట్యూబు చుట్టూ గాలి నింపే బుడగని కఫ్ అంటారు, దాని బయటి బెలూన్ని వేళ్లతో నొక్కి "బానే ఉంది" అనేవాళ్లుంటారు. నువ్వు మీటరు పెట్టి చూడు, 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి ఉండాల. మించితే గాలిగొట్టం లోపలి గోడకు రక్తం అందక పుండు పడద్ది. తగ్గితే నోట్లో ఉమ్మి ఊపిరితిత్తుల్లోకి దిగుద్ది.

నాకు నిద్ర పట్టనియ్యనిది వేరే ఉంది. అప్పట్లో ఒక ఆసుపత్రిలో, పేరెందుకులే, రోహిణీ కార్తె ఎండల్లో ఒక మెట్టపల్లె కుర్రోడికి ట్రాకీ వేసుండారు. పురుగుల మందు కేసు. మనం పీల్చే గాలికి తడి, వెచ్చదనం ఇచ్చేది ముక్కు. గొంతులో గొట్టం పెట్టినాక ఆ పని మనమే చెయ్యాల. ఆ రాత్రి గాలికి తడిచ్చే హ్యూమిడిఫైయర్లో నీళ్లు అయిపోయుండాయి, ఎవురూ చూడలా. తెల్లారగట్ల వెంటిలేటర్ హై ప్రెషర్ అని మొత్తుకుంటే డ్యూటీలో ఉన్న సిస్టరమ్మ అలారం నొక్కి ఆపింది. శాచురేషన్, అదే రక్తంలో ఆక్సిజన్, పడిపోతుంటే వేలికి పెట్టే ప్రోబ్ సరిగా లేదని ఈ వేలి నుంచి ఆ వేలికి మార్చింది. ఆనక సక్షన్ పెట్టింది. క్యాథెటర్ కాస్త దూరం పోయి ఆగింది, ఏమీ రాలా. "కఫం లేదు, శుభ్రంగా ఉంది" అనింది! క్యాథెటర్ ఎందుకు ఆగిందో అడగాలని ఆమెకు తట్టలా. కుర్రోడు మంచం కడ్డీని వేళ్లతో కొడతా ఉండాడు. అరుద్దామంటే గాలి స్వరపేటిక దాకా పోదు గదా. కదులుతున్నాడని వాడి చేతులు కట్టమనింది.

మత్తు డాక్టరు వచ్చీరాగానే ఇన్నర్ క్యాన్యులా, అంటే ట్యూబు లోపల ఉండే, తీసి కడిగే గొట్టం, తిప్పి బయటికి లాగేశాడు. దాన్నిండా ఎండిన తుమ్మబంక మాదిరి కఫం. కొత్తది పెట్టంగానే శాచురేషన్ ఎక్కడం మొదలైంది. కుర్రోడు బతికాడు. కేసుషీటు తిరగేస్తే, క్యాన్యులా కడిగినట్టు గళ్లన్నిటికీ వరసాగ్గా టిక్కులు, తెల్లారాక కడగాల్సిన గడికి కూడా. ఆమె చెడ్డది కాదు, డబుల్ డ్యూటీలో ఉండింది. నా కోపమంతా ఆ టిక్కుల మీదే.

అందుకని, ట్రాకీ పేషెంటు గిలగిలలాడితే మిషన్ని కాదు, ముందు గొట్టాన్ని అనుమానించు. డాక్టర్ని కేకెయ్. క్యాథెటర్ దిగకపోతే ఇన్నర్ తీసెయ్. అప్పటికీ దిగకపోతే కఫ్ గాలి తీసి చూడాల, దానికీ లొంగకపోతే ట్యూబే తీసెయ్యాల్సి వస్తది. కనీసం 8 గంటలకొకసారి ఇన్నర్ తీసి చూడు, కఫం చిక్కగా ఉంటే ఇంకా ముందే. చూసినాకే టిక్కు పెట్టు.

అలారాలకు తలనొప్పి వస్తుందని మొన్న చెల్లెలితో అన్నావంట. ఇంకోసారి అను, చెప్తా నీ సంగతి.

పలకా బలపం మంచం దగ్గర పెట్టుకో, చదువు రానోళ్లకు బొమ్మల కాగితం. మాట్లాడే వాల్వు పెట్టేముందు కఫ్ గాలి మొత్తం తీసెయ్, లేకపోతే పీల్చిన గాలి బయటికి పోయే దారే ఉండదు. క్యాన్సర్‌కి స్వరపేటిక తీసేసిన పేషెంటుకి ముక్కుకీ నోటికీ ఆక్సిజన్ పెట్టి లాభం లేదు, గొంతు బొక్క దగ్గరే పెట్టాల. ఆ సంగతి మంచం తల దగ్గర రాసి అంటించుకో. ట్రాకీ వేసిన మొదటి వారంలో ట్యూబు ఊడొస్తే నువ్వు గుడ్డిగా లోపలికి తొయ్యబాకు. దారి ఇంకా గట్టిపడుండదు, చర్మం కిందికి పోద్ది.

రాత్రి డ్యూటీలో టీలు తాగి కడుపు మాడ్చుకోబాకు. నీకు చిన్నప్పట్నించీ ఆకలేస్తే చేతులు వణుకుతాయి.

మెడ తాడు మార్చేటప్పుడు ఒక్కదానివే పూనుకోవద్దు. ఒకరు ట్యూబు పట్టుకోవాల, ఒకరు కట్టాల, తాడుకీ మెడకీ మధ్య ఒక వేలు పట్టాల. రెండో మనిషి కావాలంటే మీ ఇన్‌చార్జి సిస్టరు కసురుకుంటదేమో. కసిరితే పెద్దమ్మ చెప్పిందని చెప్పు.

మీ పెద్దమ్మ