చింపిన పోస్టుకార్డుతో చెప్పు

చిరంజీవి అమ్మడికి, పెదనాన్న ఆశీస్సులు.

సోమవారం నుంచి డిగ్రీ పిల్లలకు నెట్‌వర్క్స్ చెప్పాలి, టెన్షన్‌గా ఉందన్నావు. 30 ఏళ్లు ఆ పాఠమే చెప్పాను కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

బోర్డు మీద సంవత్సరాల వరస రాయకు. ముందు ఏం ఇబ్బంది వచ్చిందో చెప్పు. అమెరికా రక్షణశాఖకు చెందిన పరిశోధన విభాగం ఆర్పాలో బాబ్ టేలర్ అనే అధికారి ఆఫీసులో 3 టెర్మినళ్లు (దూరాన ఉన్న కంప్యూటర్‌తో పనిచేసే కీబోర్డు యంత్రాలు) ఉండేవి, ఒక్కోటీ ఒక్కో చోట ఉన్న కంప్యూటర్‌కు. ఒకదాని దగ్గర పని అయ్యాక లేచి ఇంకోదాని ముందు కూర్చోవాలి, అక్కడ కమాండ్లు మళ్లీ వేరు. ఒక్క టెర్మినల్‌తోనే అన్నీ ఎందుకు కుదరవు అని 1966లో ఆయనకు తట్టింది. ఇంటర్నెట్‌కు మూలమైన ఆర్పానెట్ అనే నెట్‌వర్క్ అక్కడ మొదలైంది. అణుబాంబుకు తట్టుకోవడానికే దాన్ని కట్టారని మాత్రం చెప్పకు. ఆ ఆలోచనతో పనిచేసింది ర్యాండ్ అనే పరిశోధన సంస్థలో పాల్ బారన్. ఆర్పానెట్ కట్టింది దూరాన ఉన్న కంప్యూటర్లను పంచుకోవడానికి. మొదట్లో కొన్నేళ్లు నేనూ బాంబు కథే చెప్పాను, ఆ బ్యాచ్‌ల పిల్లలు గుర్తొస్తే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ప్యాకెట్ల దగ్గర, అంటే సమాచారాన్ని చిన్న ముక్కలు చేసి పంపే పద్ధతి దగ్గర, ఎంత టైమైనా తీసుకో. ఒక పోస్టుకార్డు మీద నాలుగు వాక్యాలు రాయి. అదే ఇంకో కార్డు మీద కూడా రాసి నీ దగ్గర ఉంచుకో. మొదటిదాన్ని 8 ముక్కలు చేసి, ప్రతి ముక్క వెనకా వరస నంబరు, చేరాల్సిన అమ్మాయి పేరు రాయి. తలో బెంచీ మీదుగా పంపించు. మధ్యలో ఒక పిల్లవాణ్ని లేచి బయటికి వెళ్లమను, ముక్కలు వేరే దారి పడతాయి. ఒక ముక్క నువ్వే దాచెయ్. చివరి బెంచీలో ఆ అమ్మాయి నంబర్లు చూసి అతికించుకుంటూ "అయిదోది రాలేదు మేడమ్" అంటుంది. రెండో కార్డు నుంచి ఆ ముక్క చింపి పంపు. ముక్కల్ని వరసలో పేర్చి, రానిదాన్ని మళ్లీ పంపించే నియమాలే టీసీపీ, 1974లో వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ ప్రచురించారు అని అప్పుడు చెప్పు, ఇక బట్టీ పట్టే పనుండదు.

1969 అక్టోబరు 29 రాత్రి సంగతి గంట చివర్లో చెప్పు. లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో చార్లీ క్లైన్ అనే విద్యార్థి, స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థలోని కంప్యూటర్‌కు 'లాగిన్' అని పంపబోయాడు. ఎల్ వెళ్లింది, ఓ వెళ్లింది, అంతలో అవతలి సిస్టమ్ క్రాష్ అయింది. సుమారు గంట తర్వాత మళ్లీ కలిసింది. ఆ రోజు లాగ్‌బుక్‌లో 22:30 అని వేసి చేత్తో రాసుకున్న పేజీ ఫొటో దొరుకుతుంది, ప్రింట్ తీసి అందరి చేతికీ ఇవ్వు. ఇంత పెద్ద పని తమ వయసు పిల్లవాడి చేతి మీదుగా జరిగిందని వాళ్లకు తెలియాలి.

వెబ్ వేరు, ఇంటర్నెట్ వేరు అని ఒక్క మాట చాలు. వెబ్ అంటే ఇంటర్నెట్ మీద నడిచే పేజీల అల్లిక, 1989లో యూరప్ భౌతికశాస్త్ర పరిశోధన కేంద్రం సెర్న్‌లో టిమ్ బెర్నర్స్-లీ ప్రతిపాదించినది. మన దేశంలో మామూలు జనానికి 1995 ఆగస్టు 15న అప్పటి ప్రభుత్వ టెలికాం సంస్థ వీఎస్ఎన్ఎల్ ఇంటర్నెట్ ఇచ్చింది. ఆ రోజులు వాళ్ల అమ్మానాన్నల్ని అడిగి రమ్మను.

కార్డులు ఆదివారమే తెచ్చుకో. పలచటి కాగితమైతే మూడు బెంచీలు దాటేలోపే నలిగిపోతుంది.

మీ పెదనాన్న