బావి లెక్క తేలాకే ఊరి పేరు

అమ్మలూ,

నవల కోసం ఏడు ఎడారి ఊళ్ళతో ఒక లోకం కడుతున్నావట. ఆ ఊళ్ళు ఒకదాన్నొకటి నమ్మవట, పరాయి మనిషిని పొలిమేర దాటనివ్వవట. రాత్రి ఫోన్లో మీ అమ్మ చెబుతుంటే ఎంత గర్వంగా అనిపించిందో! మ్యాప్ గీయడం అయిపోయింది, పేర్లు కూడా పెట్టేసింది అనగానే మాత్రం గుండెలో రాయి పడింది. అందుకే పొద్దున్నే ఈ ఉత్తరం.

తేలిక సంగతులు ముందు. ఎడారంటే అంతా ఇసుకే అనుకోకు. సహారాలో కూడా ఇసుక మేటలు దాదాపు నాలుగో వంతే, మిగతాది రాతి నేల, గులకరాళ్ళ మైదానాలు, కొండలు. పగలు ఎంత కాలినా రాత్రి వణికించాలి. వాన కురిసిన చోట కాకుండా ఎక్కడో దిగువన వాగు పొంగి మనుషుల్ని కొట్టుకుపోతుంది, కాబట్టి ఎండిన వాగులో ఎవరి చేతా గుడారం వేయించకు. బరువు మోసే ఒంటె రోజుకు 30, 40 కిలోమీటర్లు నడుస్తుంది. దూరాలన్నీ మజిలీల్లో రాసుకో. ‘నాలుగు మజిలీలు, మధ్యలో ఒక్కటే చెలమ’ అంటే చాలు, ఆ దారి ఎంత కష్టమో చదివేవాళ్ళకి తెలిసిపోతుంది.

ఇక నన్ను నిద్రపోనివ్వని సంగతి. ఊళ్ళు ముందు పెట్టేసి, నీళ్ళు తరువాత అతికించడం. ఈ పనిలోకి దిగిన ప్రతివాళ్ళూ చేసే పాత తప్పు ఇది, నేనూ చేశాను. మ్యాప్ మీద ఖాళీ కనబడిన చోట చుక్క పెడతాం, పక్కన రెండు వేల జనాభా అని రాస్తాం, నడుమ బావి బొమ్మ వేస్తాం. ఆ బావి ఇక ఎండదు, ఎందరు తోడినా తరగదు. అంత నిండు బావి ఉన్న ఊరికి దారిన పోయేవాణ్ణి చూసి భయమెందుకు? రచయిత భయపడమన్నాడు కాబట్టి భయపడతారు. లోపం ఎక్కడుందో చదివేవాళ్ళు చెప్పలేకపోవచ్చు గాని, డొల్ల అని మాత్రం ఇట్టే పసిగడతారు.

కాగితం తీసుకో, లెక్క వేద్దాం. ఊళ్ళో 300 మంది. తాగడానికి, వండుకోవడానికి, కాస్త కడుక్కోవడానికి పొదుపుగా మనిషికి 20 లీటర్లు, అంటే 6,000. మేకలు 400, ఒక్కోదానికి 5 లీటర్లు, 2,000. మొత్తం 8,000. బావిలో రోజుకు ఊరేది 10,000 అనుకో. ఇంకా 2,000 మిగులు, ఊరు నిశ్చింతగా ఉంది. ఇప్పుడు 60 ఒంటెల బిడారు వచ్చి ఆగింది. బాగా దాహం మీదున్న ఒంటె పావుగంటలో 100 లీటర్లు తాగేయగలదు. అంటే 6,000 లీటర్లు. మిగులు పోను ఇంకా 4,000 లోటు. ఆ లోటు పూడాలంటే, వేరే బిడారు రాకపోయినా రెండు రోజులు పడుతుంది. పైగా బావి 40 మీటర్ల లోతు, బొక్కెన 20 లీటర్లది అనుకుంటే 300 చేదలు. చేదకు రెండు నిమిషాలేసుకున్నా పది గంటలు గిలక ఆగదు. సాయంత్రానికి బొక్కెనలో బురద వస్తుంది.

ఆ ఊరి పిల్ల ఒకతి బావి గట్టున నిలబడి, వచ్చినవాళ్ళు తోడే బొక్కెనలు వేళ్ళ మీద లెక్కపెడుతూ ఉంటుంది చూడు, అక్కడ పుట్టాలమ్మా నీ ఊరి అనుమానం. వాళ్ళని క్రూరుల్ని చేయకు. నా భయమల్లా అదే. తలుపు వేసిన ఊరు కనబడగానే మూఢులు, రాక్షసులు అని రాసేయడం చాలా సులువు. అతిథి మీద వాళ్ళకి ద్వేషం లేదు, అతిథి వెనక నిలబడ్డ అరవై గొంతులు కనబడుతున్నాయి, అంతే.

లెక్క తేలాక వివరాలు వాటంతట అవే వస్తాయి. బావి ఒర రాయిని దగ్గరగా చూడు. తరాల తరబడి తాడు రాసుకుని రాతిలో వేలు పట్టేంత గాళ్ళు పడ్డాయి. పాత గాడి లోతుగా, నున్నగా ఉంది, పక్కనే కొత్తది గరుకుగా ఉంది. చేదతాడు రాత్రిళ్ళు బావి దగ్గర వదలరు, ఒక ఇంట్లో దాస్తారు. తాడు పొడవు తెలిస్తే నీటి మట్టం తెలిసిపోతుంది, అది ఊరి రహస్యం. ఇంకో ఊరివాడు పెళ్ళికి వచ్చి ఆ తాడు తడి ఎక్కడిదాకా ఉందో ఓరకంట చూస్తే, దాని మీదే ఒక అధ్యాయం రాయొచ్చు.

మరి పంటలు? నీ మ్యాప్‌లో ప్రతి ఊరి చుట్టూ పచ్చరంగు వేశావని విన్నాను, తుడిచెయ్యి. ఒక్క హెక్టారు తడవాలంటే రోజుకు 5 మిల్లీమీటర్ల చొప్పునైనా 50,000 లీటర్లు కావాలి, మండువేసవిలో ఇంకా ఎక్కువ. పైన ఊరంతా తాగిన దానికి ఆరు రెట్లు పైమాటే. చేద బావి మీద బతికే ఊరు మేకల్ని కాస్తుంది, నాలుగు ఖర్జూరపు చెట్లు పెంచుకుంటుంది, గింజలు కొనుక్కుంటుంది. పొలాలున్న ఊరు కావాలంటే నీళ్ళు పారాలి. ఇరాన్‌లో కొండ పాదాల దగ్గర భూగర్భ జలం దాకా తల్లిబావి తవ్వి, అక్కణ్ణుంచి సన్నని వాలుతో సొరంగం తీసి, కిలోమీటర్ల దూరం నీటిని ఊరిదాకా పారిస్తారు. దాన్ని కనాత్ అంటారు. మట్టి తీయడానికి, గాలికి మధ్యమధ్యలో నిలువు బావులుంటాయి, పైనుంచి చూస్తే చీమల పుట్టలు వరసగా పెట్టినట్టుంటాయి. అక్కడి గొనాబాద్ అనే ఊరి కనాత్ తల్లిబావి లోతు వందల మీటర్లు.

కనాత్ ఊరి భయం బావి ఊరి భయం లాంటిది కాదు. బిడారు ఎంత తాగినా వీళ్ళకి లెక్కలేదు. ఎగువన ఎవడో పార పట్టుకుని తిరిగితే మాత్రం ప్రాణం పోతుంది, తల్లిబావి పక్కన ఇంకో బావి పడితే సొరంగంలో ధార సన్నబడుతుంది. ఇంటిదొంగల భయం ఇంకొకటి. నీటి వాటాలు గంటల లెక్కన పంచుకుంటారు. అడుగున చిన్న చిల్లి ఉన్న రాగి గిన్నెని నీళ్ళ పాత్రలో వదిలితే అది మెల్లగా నిండి మునుగుతుంది. మునిగిన ప్రతిసారీ ఒక గులకరాయి పక్కన పెడతారు. అన్ని రాళ్ళు అయ్యాయంటే నీ వంతు అయిపోయినట్టే, కాలువ పక్క చేనికి తిరుగుతుంది. ఆ గిన్నె దగ్గర కూర్చునే మనిషిని మంచి పాత్రగా రాయి. చిల్లిలో ఎవరైనా మైనం ముక్క అతికిస్తే ఏమవుతుందో నువ్వే ఆలోచించు.

ఏడు ఊళ్ళకీ ఒకే అనుమానం అంటగట్టకు. ఒక ఊరిని అంటురోగం ఒకసారి తుడిచిపెట్టింది, వచ్చిన సరుకుని గోడ బయట మూడు రోజులు ఎండలో ఉంచుతారు. ఒక ఊరు పన్నులవాళ్ళకి భయపడి, పరాయివాళ్ళ ముందు పిల్లల్ని పేరుపెట్టి పిలవదు. అల్జీరియాలోని మ్జాబ్ లోయలో బెని ఇస్గెన్ అని గోడలున్న పట్టణం ఉంది. బయటివాళ్ళు పగలు రావచ్చు, బేరాలాడుకోవచ్చు, రాత్రి మాత్రం గోడ లోపల ఉండకూడదన్నది అక్కడి పాత కట్టుబాటు. పూర్తిగా మూసిన తలుపు కంటే అలా వేళ చూసి మూసుకునే తలుపు కథకి ఎక్కువ పనికొస్తుంది.

ప్రతి ఊరికీ తనదగ్గర లేని రెండు వస్తువులు రాయి. ఇనుము, కలప, ఉప్పు, గింజలు, ఏవో రెండు. 1352లో మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా సహారాలో తఘాజా అనే ఊరు చూశాడు. ఇళ్ళ గోడలు ఉప్పు దిమ్మెలతో, కప్పులు ఒంటె తోళ్ళతో కట్టారట, ఒక్క చెట్టు లేదట. తిండి మొత్తం బయటినుంచే రావాలి. అంత అవసరం ఉన్న ఊరు ఎంత అనుమానం ఉన్నా గేటు తెరవాల్సిందే. పెళ్ళిళ్ళూ మర్చిపోకు. 150 మంది ఊళ్ళో నాలుగు తరాలు తిరిగేసరికి అందరూ అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళే అవుతారు. పిల్లనివ్వడానికైనా పక్క ఊరిని నమ్మక తప్పదు, కోడలిగా వచ్చిన పిల్లకి తాడు పొడవు ఎన్నేళ్ళకి చెబుతారో అది నువ్వు తేల్చుకోవాలి.

మ్యాప్ చింపేయమని అనడం లేదమ్మా. ఎంత ఇష్టంగా గీశావో నాకు తెలుసు. ఊరి పేర్లు మాత్రం పెన్సిల్‌తో మార్చి రాసుకో, నీళ్ళు తేలాక రెండు ఊళ్ళు జరగొచ్చు, ఒకటి అసలు ఉండకపోవచ్చు. అన్నిటికన్నా బీద ఊరితో మొదలుపెట్టు. దాని బావి లోతు, రోజుకు ఊరే నీళ్ళు, తోడేవాళ్ళ సంఖ్య, తాడు ఎవరింట్లో ఉంటుందో ఒక పేజీ రాసి పంపు. తెల్లారేదాకా కూర్చోకు, మీ అమ్మ కంగారు పడుతోంది.

ఆశీస్సులతో,
మామయ్య