గాఢనిద్ర అందరికీ ఒకేలా ఉండదా?

ప్రశ్న: నేనూ మా తమ్ముడూ ఒకే వేళకు పడుకుని ఒకే వేళకు లేస్తాం. అయినా చేతి వాచీలో వాడికి గాఢనిద్ర గంటన్నర, నాకు గంటలోపే చూపిస్తోంది. ఇది పుట్టుకతో వచ్చిన తేడానా? జన్యు పరీక్ష చేయించుకోమంటారా?

జవాబు: ముందు వాచీ సంగతి. గాఢనిద్రను తేల్చేది మెదడు తరంగాలు. తలకు ఎలక్ట్రోడ్లు అతికించి తీసిన ఈఈజీని, అంటే మెదడు తరంగాల గీతల నమోదును, 30 సెకన్ల ముక్కలుగా చూస్తారు. ఒక ముక్కలో కనీసం 6 సెకన్లయినా 75 మైక్రోవోల్టులు దాటిన నిదానపు అలలు, సెకనుకు రెండుకు మించనివి, కనిపిస్తేనే అది గాఢనిద్ర. వాచీకి అందేది ప్రధానంగా నాడి, కదలికలు. కాబట్టి అందులోని నిమిషాలు అంచనా మాత్రమే.

పుట్టుకతో వచ్చే తేడా మాత్రం నిజమే. మేలుకుని ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే రసాయనం పేరుకుంటుంది, నిద్ర ముంచుకొచ్చేది చాలావరకు దానివల్లే. దాన్ని మార్చేసే ఎంజైమ్ అడినోసిన్ డీఅమినేజ్. ఆ ఎంజైమ్ జన్యువులో ఒకచోట ‘జీ’ అనే డీఎన్ఏ అక్షరం బదులు ‘ఏ’ ఉన్నవారిలో దాని పని మందగిస్తుంది. అలాంటివారికి గాఢనిద్ర సుమారు అరగంట ఎక్కువని 2005లో జ్యూరిక్ పరిశోధకులు గమనించారు. ఈ జన్యువుకు తల్లి నుంచి ఒక ప్రతి, తండ్రి నుంచి ఒక ప్రతి వస్తాయి కనుక, ఈ మార్పు ఒకరికి వచ్చి తోడబుట్టినవారికి రాకపోవచ్చు.

గాఢనిద్ర ఎక్కువుంటే అంతా మేలే అనుకోకండి. శరీర గడియారానికి చెందిన పీఈఆర్3 జన్యువు పొడవాటి రూపం రెండు ప్రతులూ ఉన్నవారికి గాఢనిద్ర ఎక్కువే, కానీ రాత్రంతా మేలుకోవాల్సి వస్తే తెల్లవారుజాముకు వారి ఏకాగ్రత మిగతావారికన్నా బాగా దెబ్బతింటుంది.

పరీక్ష అక్కర్లేదు. గాఢనిద్రను ఏ ఒక్క జన్యువో నిర్ణయించదు, ఫలితం తెలిసినా చేసేదేమీ మారదు. రెండు వారాలపాటు పడుకున్న వేళ, లేచిన వేళ, పగటి మత్తు రాసుకోండి. పగలు హుషారుగా ఉంటే వాచీ అంకెను వదిలేయండి. పెద్ద గురక, మధ్యలో ఊపిరి ఆగడం, కూర్చున్నచోటే కునుకు పట్టడం ఉంటే డాక్టరుకు చూపించుకోండి. ఊపిరి ఆగినప్పుడు చాలాసార్లు మెదడు ఉలిక్కిపడి నిద్ర తెగిపోతుంది.

ప్రశ్న: రాత్రి కాఫీ తాగినా నాకు వెంటనే నిద్రపడుతుంది. మానేయాలా?

జవాబు: మానండి. కాఫీలోని కెఫీన్, మెదడులో అడినోసిన్ అతుక్కునే గ్రాహకాలను మూసేస్తుంది, అందువల్ల కన్ను మూతపడినా గాఢనిద్ర అలలు పలచబడతాయి. రక్తంలో అది సగానికి తగ్గడానికి దాదాపు 5 గంటలు పడుతుంది. కాలేయంలోని సీవైపీ1ఏ2 ఎంజైమ్ చురుకును బట్టి కొందరిలో ఇంకా ఆలస్యం. చివరి కప్పు పడుకోవడానికి కనీసం 8 గంటల ముందే ముగించండి.