గుండె హార్మోనును స్రవిస్తుందా?

సందేహం: నేను డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను. అడోల్ఫో డి బోల్డ్ అనే శాస్త్రవేత్త గుండె మీద చేసిన పరిశోధన గురించి ఒక పత్రికకు వ్యాసం పంపాను. అందులో “గుండె ఒక హార్మోనును స్రవిస్తుంది. అది మూత్రపిండాలు ఉప్పును విసర్జింపజేస్తుంది” అన్న రెండు వాక్యాల కింద ఎర్రగీత గీసి, “ఇది తెలుగు కాదు” అని రాసి తిప్పి పంపారు. మా పాఠ్యపుస్తకాల్లో ఇలాగే ఉంటుంది కదండీ. తప్పెక్కడ ఉంది?

సమాధానం: తెలుగు కాదనడం కొంచెం ఎక్కువే. అయితే ఆ గీతలు రెండూ సరైన చోటే పడ్డాయమ్మా.

మొదటి వాక్యం చూడండి. స్రవించడం అంటే కారడం, ఊరడం. సంస్కృతంలో ‘స్రు’ ధాతువుకు ప్రవహించడమని అర్థం. నదిని స్రవంతి అనేది అందుకే. రక్తస్రావం అన్నప్పుడు రక్తం తనంతట తాను కారుతోంది, దాన్ని ఎవరూ కార్చడం లేదు. అంటే స్రవించు అకర్మక క్రియ, ‘దేన్ని?’ అన్న ప్రశ్న దానికి అతకదు. “హార్మోను స్రవిస్తుంది” అనొచ్చు. “గ్రంథి స్రవిస్తుంది” అన్నా ఇబ్బంది లేదు, ముక్కు కారుతోంది అంటున్నాం కదా. కానీ “ముక్కు చీమిడిని కారుతోంది” అని మీ క్లాసులో అని చూడండి, పిల్లలు నవ్వుతారు. “గుండె హార్మోనును స్రవిస్తుంది” కూడా అచ్చం అలాంటిదే. శాస్త్ర పదం కాబట్టి ఎవరూ నవ్వడం లేదు, అంతే. ఆ ‘ను’ ఇంగ్లీషు వాక్యంతో పాటు పాఠ్యపుస్తకంలోకి వచ్చి అక్కడే స్థిరపడింది. ఇన్నేళ్లుగా వాడుకలో ఉన్నదాన్ని తప్పని కొట్టేయను గానీ, నేనైతే రాయను.

మరి ఏమనాలి? దానికి జవాబు మీ డి బోల్డ్ దగ్గరే ఉంది. గుండె పై గదుల, అంటే కర్ణికల, కండర కణాల్లో చిన్న చిన్న రేణువులు ఉంటాయని 1950లలోనే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూశారు. రక్తం పంపు చేసే కండరంలో గ్రంథులకుండే సరంజామా ఎందుకుందో తెలియలేదు. అర్జెంటీనాలో పుట్టి కెనడాలో స్థిరపడిన డి బోల్డ్, శరీరంలో నీరు, ఉప్పు మారినప్పుడు ఆ రేణువుల సంఖ్య కూడా మారుతోందని గమనించాడు. ఎలుకల కర్ణికల నుంచి సారం తీసి వేరే ఎలుకల రక్తనాళంలోకి ఎక్కించాడు. మూత్రంలో సోడియం 30 రెట్లకు పైగా పెరిగింది, మూత్రం పరిమాణం పదింతలైంది. గుండె కింది గదుల, అంటే జఠరికల, సారం ఎక్కిస్తే అలాంటిదేమీ జరగలేదు. 1981లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. ఆ హార్మోను ముందే తయారై రేణువుల్లో నిల్వ ఉంటుంది, కర్ణిక గోడ సాగినప్పుడు రక్తంలోకి వెళుతుంది. నోట్లో లాలాజలంలా ఊరేది కాదు, కట్టి ఉంచినదాన్ని వదలడం. కాబట్టి ఇక్కడ “విడుదల చేస్తుంది” అన్నదే చక్కగా అతుకుతుంది.

దూడను వదలగానే ఆవు చేపుతుంది, అంటే పొదుగులోకి పాలు దించుతుంది. అదీ హార్మోను పనే. పాడి ఉన్న ఇళ్లలో దానికి ఎంత పొందికైన మాట ఉందో చూడండి! గుండెకు చేపు అనలేం గానీ, ఆ ఒక్క మాటలో దూడ, ఆవు, పాలు అన్నీ ఉన్నాయి.

ఇక రెండో వాక్యం. స్రవించు, విసర్జించు చూడటానికి కవల పిల్లల్లా ఉంటాయి, స్వభావాలు మాత్రం వేరు. విసర్జించడం అంటే వదిలేయడం, అది సకర్మకం. “మూత్రపిండాలు ఉప్పును విసర్జిస్తాయి” నిక్షేపంలాంటి వాక్యం. మీరు దానికి ‘చేయు’ తగిలించి ప్రేరణార్థకం, అంటే ఇంకొకరి చేత చేయించే క్రియ, చేశారు. అప్పుడు అసలు పని చేసేవాళ్లకు ‘చేత’ రావాలి, “మూత్రపిండాల చేత విసర్జింపజేస్తుంది” అని. మీ వాక్యంలో ‘అది’, ‘మూత్రపిండాలు’ రెండూ కర్తలై కూర్చున్నాయి. ‘చేత’ పెడితే వ్యాకరణం కుదురుతుంది కానీ వాక్యం బరువెక్కుతుంది.

హార్మోను అన్న పేరు 1905లో ఇంగ్లండులో స్టార్లింగ్ అనే శాస్త్రవేత్త వాడుకలోకి తెచ్చాడు. దాని గ్రీకు మూలానికి ఉసిగొల్పడం అని అర్థం. ఆ మాట మనకూ ఉంది కాబట్టి నేను ఇలా రాస్తాను: “గుండె ఒక హార్మోనును విడుదల చేస్తుంది. ఉప్పును, నీటిని బయటికి పంపమని అది మూత్రపిండాలను ఉసిగొల్పుతుంది.” మీ వాక్యంలో నీరు లేదు, గమనించారా? ఆ ఎలుకల మూత్రం పదింతలైంది కదా, దాన్నీ చేర్చి వ్యాసం మళ్లీ పంపండి.